అత్తయ్య కాలికి గాలపు గంట

కొరియర్ మనిషి మూడు పెట్టెలనూ రాతిగోడ మీద పెట్టి, "గాలి జోరుగా ఉందమ్మా, ఎగిరిపోతే నాది పూచీ కాదు" అని కేకేసి బండెక్కేశాడు. మిర్యంగ్ చేతిలోని పథ్యపు నాచు సూపు గిన్నెను గడప మీదే వదిలేసి, కాళ్ళకు ఏమీ వేసుకోకుండా వాకిట్లోకి పరుగెత్తింది. బాలింత ఇంత గాలిలో బయటికి రావచ్చా అని అత్తగారు అరుస్తుందని తెలుసు. అయినా ఆగలేదు. ఆ పెట్టెల కోసం నిన్నటినుంచీ రోడ్డు వైపు చెవి పెట్టుకుని కూర్చున్న మనిషి ఆమె.

వాటిల్లో ఉన్నవి ఊపిరి యంత్రాలు. పసిపిల్ల ఊపిరి ఆగితే కూతపెట్టి చెప్పేవి, మూడు రకాలు. పట్నంలో పిల్లల సామాను అద్దెకిచ్చే దుకాణంవాళ్ళు మూడూ పంపారు. వాడి చూసి, నచ్చినది ఉంచుకుని, మిగతా రెండూ తిప్పి పంపేయాలి.

సోరా నెలలు నిండకుండా పుట్టింది. సోరా అంటే ఆ తీరంలో రాళ్ళకు కరుచుకుని ఉండే శంఖు నత్త. కడుపులో ఉండగానే నాయనమ్మ పెట్టిన ముద్దుపేరు. ఆసుపత్రిలో ఆ పిల్ల ఒకటి రెండుసార్లు ఊపిరి తీసుకోవడం మరిచిపోయింది. గోడమీది యంత్రం కెవ్వుమంటే నర్సు వచ్చి అరికాలు తట్టింది. పిల్ల ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ పీల్చింది. తొందరపడి పుట్టిన పిల్లలకు ఇది మామూలేననీ, అది దాటిపోయిందనీ, దాటకపోతే ఇంటికి పంపేవాణ్ణే కాదనీ డాక్టరు చెప్పాడు. "వెల్లకిలా పడుకోబెట్టండి, పక్కలో దిండ్లూ దుప్పట్లూ పెట్టకండి, అంతే. యంత్రం అక్కర్లేదు. మీ ధైర్యానికి కావాలంటే మీ ఇష్టం" అన్నాడు. మిర్యంగ్ చెవిన పడ్డది చివరి మాటొక్కటే.

ఇంటికొచ్చిన దగ్గరినుంచీ ఆమె చూపుడువేలు పిల్ల ముక్కు కిందే ఉంది. పిల్ల గబగబా పీలిస్తే భయం, నిదానంగా పీలిస్తే భయం, తుమ్మితే మరీ భయం. కునుకు పడితే చాలు, ఆ క్షణంలోనే ఏదో అయిపోయినట్టు ఉలిక్కిపడి లేచేది.

ఇక్కడ అసలు చిక్కేమిటంటే, శంఖు నత్తలు పట్టడానికి సముద్రం తెరిచే రోజు దగ్గరికొచ్చేసింది. అత్తగారు మల్సుక్ ఊహ తెలిసినప్పటినుంచీ సముద్రంలో మునిగి బతికిన మనిషి. పిల్ల వచ్చాక కోడలికి తోడుగా ఇంటిపట్టునే ఉండిపోయింది. భర్త గ్యుతే పార్సిలు బండి తోలుతాడు, పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. అత్తగారు నీళ్ళలోకి దిగిందంటే ఇంట్లో మిగిలేది మిర్యంగూ పిల్లా.

"నేనొక్కదాన్నే ఉండలేనత్తయ్యా" అంది ఒకరోజు.

మల్సుక్ కసురుకోలేదు. "ఒక్కదానివి ఎందుకుంటావే. మేం నీళ్ళలోకి ఒంటిగా దిగుతామేటి? పైకి తేలినాక పక్కది ఏసే ఈల వినబడకపోతే వల ఒదిలేసి ఎతుకుతాం. నీకూ అలగే ఓ తోడుండాల. మిషనయితే మిషను, తెప్పించుకో. అది నమ్మకంగా ఉందని నువ్వు సెప్పిన దినాన్నే నాను దిగుతాను. నేకపోతే ఈ యేడు నత్తలు నేవనుకుంటాను, అంతేగాదేటి."

అత్తగారు తేలిగ్గా అనేసింది కానీ, ఆ తర్వాత ఆరేసిన, నీళ్ళలోకి దిగే రబ్బరు సూటును ఊరికే తడుముతూ నిలబడడం కోడలి కంటపడింది. అందుకే ఆ పెట్టెలంటే అంత ఆత్రం.

*

పెట్టెలొచ్చిన సంగతి పెట్టెలకంటే ముందే ఊరికి తెలిసినట్టుంది. తీరం మీద కొట్టుకొచ్చిన చెత్త ఏరి, అటునుంచి అటే, తడి జుట్లతో, మల్సుక్‌తో కలిసి మునిగే ఇద్దరు ఈతగత్తెలు వచ్చేశారు. ఒకామె దోక్హ్వా, ఆ ఊరి ఈతగత్తెలందరికీ పెద్ద. ఆమెంత సేపు ఊపిరి బిగపట్టగలవాళ్ళు చుట్టుపక్కల లేరు. రెండో ఆమె బోక్సిల్, వయసు అరవై దాటినా గుంపులో చిన్నది, నోరు మాత్రం అందరికంటే పెద్దది.

"ఏటే కోడలా, ఏడ ఆ మిషన్లు? మమ్మల్ని సూడనీవేటి?" అంటూనే బోక్సిల్ ఒక పెట్టె చించేసింది.

మొదటిది మేజోడు. పిల్ల కాలికి తొడిగితే నాడి చూసి చెబుతుంది. రెండోది క్లిప్పు. పొట్ట దగ్గర లంగోటీ అంచుకు తగిలించాలి. మూడోది పలచటి పలక. పక్క కింద పెడితే, పైన పడుకున్నవాళ్ళ ఊపిరి కదలికను పట్టుకుని అరచేయంత తెర మీద ఆకుపచ్చ గీతగా గీస్తుంది. ఊపిరి ఆగితే మూడూ కూతపెడతాయి.

"ఆగితే కూతపెడతాదని నీకెలగ తెలుసు?" అంది దోక్హ్వా నిదానంగా.

"పుస్తకంలో రాశారు పెద్దమ్మా."

"రాత్తారు. మా యెనకటి తాడుకీ తెగదని రాసినారు. ఆపి సూడాల గదా."

మిర్యంగ్ పిల్లకు అడ్డంగా జరిగింది. "పిల్ల మీదనా?"

"పిల్ల మీద ఎందుకే, పిచ్చిదానా. మేం నేమేటి?"

దోక్హ్వా పక్క పరిపించి, దాని కింద పలక పెట్టించి, తడి జుట్టు తువ్వాలుతో చుట్టుకుని పడుకుంది. తెర మీద గీత పెద్దపెద్ద అలల్లా లేచి పడింది. మూల వెదురు ఊయలబుట్ట గుదొక్‌లో సోరా నిద్రపోతోంది. మల్సుక్ దాని పక్కన కూర్చుని, మెడ సాచి తెరకేసి చూస్తూ, గుదొక్ అంచును కాలితో తోస్తూనే ఉంది. ఆ పడవలాంటి బుట్ట ఊగుతూనే ఉంది. కళ్ళు ఇక్కడున్నా ఆ కాలు దాని పని అది చేసుకుపోతోంది.

దోక్హ్వా ఒక్కసారి నిండా పీల్చి బిగపట్టింది. గీత చదునైపోయింది. కాసేపటికి పలక కెవ్వుమంది, చెవులు చిల్లులు పడేలా.

"ఓలమ్మో, నువ్వు సచ్చిపోనావని మిషను ఏడుత్తంది వదినా, లెగు లెగు" అంది బోక్సిల్.

దోక్హ్వా లేవలేదు. కళ్ళు తెరిచే ఉంది. వేలు పైకెత్తి, ఉండమన్నట్టు ఊపింది. యంత్రం అరుస్తోంది, ఆమె కప్పుకేసి చూస్తోంది. వీధిలో పోయే కుక్క కూడా గోడ దగ్గర ఆగి మొరిగింది. చివరికి ఆమె సముద్రంలోంచి తేలినట్టే పొడుగ్గా ఈలవేసి ఊపిరి వదిలింది.

"నానింకా అడుగున రాతినుంచి నత్తని ఊడదియ్యనేనేదు, అప్పుడే సచ్చిపోడమేటి" అంది లేచి కూర్చుంటూ. "తొందర జాస్తి. అయినా పిల్లకి తొందరే మంచిది. ఇది మాట నిలబెట్టుకునే మిషను."

మేజోడు బోక్సిల్ బొటనవేలికి మాత్రమే పట్టింది. "ఇది పిల్ల కాలు కాదంటంది" అని తెర చదివి చెప్పింది మిర్యంగ్. "మా ఆయనా అదే అంతాడు" అంది బోక్సిల్. సోరాకు తొడిగితే ఆ పిల్ల నిద్రలోనే ఒక్క తన్ను తన్నింది; మేజోడు ఊడింది, యంత్రం గోలపెట్టింది. ఇలా పూటకు పదిసార్లయితే పిల్లకంటే ముందు తనకే ఏదో అవుతుందనుకుంది మిర్యంగ్. క్లిప్పు బోక్సిల్ పూల పైజామా నడుముకు బాగానే పనిచేసింది కానీ, పిడికెడంత పొట్ట మీద ఆ గట్టి ముద్ద చూస్తే మిర్యంగ్‌కు మనసొప్పలేదు. ఒరుసుకుంటే? పుండు పడితే? ఊడి పిల్ల నోట్లోకి పోతే?

పలకనే ఉంచుకోవాలని తేలిపోయింది. మల్సుక్ అప్పటికప్పుడు పాత సొరుగు చెక్క ఒకటి రంపంతో కోసి, గుదొక్ లోపలి తాళ్ళ అల్లిక మీద సరిగ్గా అమరేలా చేసింది. చెక్క మీద పలక, పలక మీద పలచటి పక్క, పక్క మీద సోరా. తెర వెలిగింది. గీత పైకీ కిందికీ, పైకీ కిందికీ, ఎంత నిండుగా, ఎంత సమంగా ఉందో.

"సూసినావా ఆ ఊపిరి. ఈతగత్తె మనవరాలు గదా మరి" అంది మల్సుక్, కాలితో గుదొక్‌ను తోస్తూ.

మిర్యంగ్‌కు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మిగతా రెండు పెట్టెలకూ టేపు అంటించి గోడమీద పెట్టేసింది. ఆ మధ్యాహ్నం, పిల్ల పుట్టాక మొదటిసారి, నడుం వాల్చి ఒళ్ళు తెలియకుండా పడుకుంది. లేచాక కూడా ఒక భయం మాత్రం మిగిలింది: పిల్ల ఊపిరి ఆగితే యంత్రం కూతపెడుతుంది సరే, యంత్రం ఊపిరి ఆగితే ఎవరు పెడతారు? ఫోనులో ఆ మాటంటే గ్యుతే నవ్వి, "దాని కింద ఇంకో పలక పెడదాంలే. నువ్వు పడుకో" అన్నాడు.

అత్తగారు వాకిట్లో రబ్బరు సూటుకు చిరుగు అతికిస్తూ కూనిరాగం తీస్తోంది.

*

మర్నాడు మిర్యంగ్ సోరాను ఎత్తుకుని లోపలి గదిలోకి తీసుకెళ్ళి పాలిచ్చింది. పిల్ల కక్కుకుంటే తుడవడానికి పొడిగుడ్డ కావలసి, చంకన పిల్లతోనే ముందు గదిలోకి వచ్చింది.

మల్సుక్ వెల్లుల్లి వలుస్తోంది. కళ్ళు వెల్లుల్లి మీద, కాలు గుదొక్ మీద. తెర మీద ఆకుపచ్చ గీత నిండుగా, సమంగా, పైకీ కిందికీ సాగిపోతోంది.

మిర్యంగ్ గుడ్డ తీసుకుంది. రెండడుగులు వేసింది. ఆగింది.

సోరా తన చంకలో ఉంది. గుదొక్‌లో ఖాళీ పక్క ఊగుతోంది. మరి ఊపిరి పీలుస్తున్నది ఎవరు?

"అత్తయ్యా, కాలు తీయండి."

"ఏటి?"

"కాలు. ఒక్కసారి తీయండి."

మల్సుక్ కాలు తీసింది. గుదొక్ ఊగి ఊగి నిలిచింది. గీత చదునైంది. కాసేపటికి పలక కెవ్వున అరిచింది. మల్సుక్ చేతిలోని వెల్లుల్లి జారి చెక్క నేల మీద దొర్లుకుంటూ పోయింది.

నిన్నంతా వాళ్ళు మురిసిపోయింది ముసలావిడ కాలిని చూసి. నిన్న మధ్యాహ్నం తాను ఒళ్ళెరగక నిద్రపోయిన సేపూ ఆ పలక కాపలా కాసింది ఆ కాలికే. ఆ నిద్రలో ఏదైనా అయి ఉంటే? ఆ ఆలోచనను మిర్యంగ్ చివరిదాకా పోనివ్వలేకపోయింది.

అప్పుడే బయట హారన్ మోగింది. కొరియర్ మనిషి గోడమీది పెట్టెలు బండిలో వేసుకుంటున్నాడు. మిర్యంగ్ పిల్లను అత్తగారి ఒళ్ళో పెట్టి, మళ్ళీ వట్టికాళ్ళతో పరుగెత్తింది.

"ఆగండి, ఆ పెట్టెలు తీసుకుపోకండి."

"నిన్న తీసుకెళ్ళమని మీరేగా ఫోను చేశారు?"

"నిన్న నాకు తెలీలేదు" అంది ఆయాసపడుతూ, పెట్టెలు రెండూ లాక్కుని.

మూడు పుస్తకాలూ ముందేసుకుని కూర్చుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. చదువు తనకు ఎప్పుడూ అంతంతమాత్రమే. మూడింటిలోనూ ఆ ముక్క ఉంది: కదిలేవాటిలో వాడరాదు. మొదటిసారీ ఆ ముక్క చదివింది. కదిలేవంటే కార్లూ బస్సులూ అనుకుంది. ఆ ఊళ్ళో గుదొక్‌ని కదిలే వస్తువని ఎవరూ అనుకోరు. అది ఇంట్లో గోడలాంటిది, ఉంటుంది, అంతే.

"అయితే గుదొక్ మానెయ్యాలంతావు" అంది మల్సుక్. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది. "నీ మొగుడు ఇందులోనే పెరిగినాడు. వాడి బాబూ ఇందులోనే. కాలు ఆడించుకుంటా వలలు కుట్టినాను, కూరలు తరిగినాను, ఏడిసినాను."

"ఊపవద్దనడం లేదత్తయ్యా. ఊపి నిద్రపుచ్చండి. నిద్రపోయాక కాలు తీసేయండి, చాలు. అప్పుడు పలక పిల్లనే చూస్తుంది."

"ఓస్, అంతేగదా. అదెంత పని."

ఎంత పనో అప్పుడే తెలిసింది. సోరా నిద్రపోయింది, మల్సుక్ కాలు తీసింది, వెల్లుల్లి చేతిలోకి తీసుకుంది. రెండు పాయలు వలిచేసరికి కాలు మళ్ళీ గుదొక్ మీదికి చేరింది. "అత్తయ్యా" అంటే తీసింది. మళ్ళీ చేరింది. కుడికాలు మడిచి పిరుదు కింద పెట్టుకుంటే ఎడమకాలు బయల్దేరింది.

"నానాడించనేదే, అదే ఆడతంది" అంది మల్సుక్, ఎవరిదో కాలును చూస్తున్నట్టు దానికేసి చూస్తూ. "సెప్పినా ఇనదు. కట్టేద్దామేటి?"

కట్టడం అనగానే మిర్యంగ్ చూపు మూలనున్న గ్యుతే గాలపు కర్ర మీద పడింది. కొసన చిన్న ఇత్తడి గంట ఉంది. చేప లాగితే మోగే గంట. లేచి దాన్ని విప్పింది. గుడ్డపీలికకు గుచ్చి అత్తగారి చీలమండకు ముడివేసింది. రెండోది ఉందేమోనని సొరుగంతా వెతికి, రెండో కాలికీ కట్టింది.

"ఇదేటే?"

"మీ కాలికి యంత్రం. ఆడితే మోగుతుంది, మోగితే ఆపండి."

మల్సుక్ కాళ్ళకేసి చూసుకుంది, కోడలికేసి చూసింది, పడీపడీ నవ్వింది. ఆ నవ్వుకు గంటలు రెండూ మోగాయి. "సముద్రంలో సేపలన్నీ ఒదిలేసి గాలానికి నాను పడ్డాన్రా దేవుడా."

మధ్యాహ్నం తిరిగేదాకా ఇంట్లో గంటలు మోగుతూనే ఉన్నాయి, ఆగుతూనే ఉన్నాయి. పొయ్యి ఆర్పిన కుండలో ఉడుకు తగ్గినట్టు ఆ మోత మెల్లగా పలచబడింది. చివరికి ఒక్క చప్పుడూ లేదు. గుదొక్ నిలిచి ఉంది. గాలి కూడా ఆ క్షణానికి తగ్గింది.

మిర్యంగ్ తెరకేసి వంగి చూసింది. నిన్నటి అలలు లేవక్కడ. ఉన్నది సన్నని గీత, బడికి కొత్తగా వెళ్ళిన పిల్ల రాతలాగా వంకరటింకరగా. నాలుగు గబగబా, తర్వాత ఒక చిన్న విరామం, మళ్ళీ నెమ్మదిగా రెండు. పసిపిల్లలు అలాగే పీలుస్తారని డాక్టరు చెప్పిన మాట గుర్తు తెచ్చుకుని, వేలు తీసుకెళ్ళి సోరా ముక్కు కింద పెట్టింది. వేలికి వెచ్చగా తగిలిన ప్రతిసారీ గీత లేచింది. వేలికి ఆగినప్పుడు గీతా ఆగింది. వేలూ గీతా ఒకే మాట చెబుతున్నాయి.

"అత్తయ్యా, ఇదిగో, ఇది సోరా" అంది గుసగుసగా, పిల్లను అప్పుడే మొదటిసారి చూపిస్తున్నట్టు.

మల్సుక్ ఊపిరి బిగపట్టి చూసింది. "ఇంత సిన్నదేటే" అంది. మరికాసేపు చూసి, "అయినా ఒదల్డం నేదు" అంది.

మిర్యంగ్ చూపుడువేలు వెనక్కి తీసుకుంది. ఎంతకాలానికో ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుంది.

*

సముద్రం తెరిచిన పొద్దున దోక్హ్వా, బోక్సిల్ గోడ దగ్గరికొచ్చి పిలిచారు. మల్సుక్ రబ్బరు సూటులో, భుజాన వలా, నీళ్ళమీద పట్టుకుని తేలే నారింజరంగు బుర్రా వేసుకుని బయల్దేరింది.

"కాళ్ళకి గంటలు కట్టుకునే దిగుతావేటి మల్సుక్కా, నత్తలు పారిపోతాయి" అంది బోక్సిల్.

"ఓలమ్మ, మరిసేపోనాను." మల్సుక్ వంగి గంటలు విప్పి కోడలి చేతిలో పెట్టింది. "ఈ ఇంట్లో గాలి తగిలినోళ్ళకి కాలు ఆడతాది. నువ్వు కట్టుకో." గడప దాటబోతూ వెనక్కి తిరిగింది. "సెప్పు మరి. దిగమంతావా?"

మిర్యంగ్ తెర చూసింది. గుదొక్ చూసింది. కరెంటు పోతే, గాలికి తలుపు విరిగితే, తానే కళ్ళు తిరిగి పడిపోతే అని వరసపెట్టి వచ్చిన భయాలను అలాగే నిలబెట్టి, "దిగండత్తయ్యా" అంది. "ఈల మాత్రం గట్టిగా వేయండి. ఇక్కడికి వినబడాలి."

ఇల్లు ఖాళీ అయింది. మిర్యంగ్ గుదొక్ పక్కన కూర్చుని బీన్సు పీచు తీయడం మొదలుపెట్టింది. గోడకు అవతల, రాళ్ళకు అవతల, అలల మీదినుంచి ఈలలు వస్తున్నాయి. పొడుగ్గా ఉన్నది దోక్హ్వాది. మధ్యలో విరిగి మళ్ళీ లేచేది అత్తగారిది. ఆ రెండోది కాస్త ఆలస్యమైనప్పుడల్లా మిర్యంగ్ చేతిలో బీన్సుకాయ ఆగిపోయేది. వినబడగానే పని సాగేది.

గంట మోగింది.

ఆమె ఉలిక్కిపడి తెర చూసింది. గీత పెద్ద అలల్లా ఊగుతోంది. సోరా నిద్రపోతోంది. గుదొక్ అంచు మీద ఒక కాలుంది. ఎవరిదా అని చూస్తే తనదే.

ఒక్కతే ఉన్నా పైకే నవ్వేసింది. కాలు తీసి బాసింపట్టు వేసుకుంది. బుట్ట నిలిచాక గీత మళ్ళీ సన్నబడి, వంకరటింకరగా తన దారిన తాను సాగింది.

పొద్దు వాలాక గోడ అవతల వల నిండా నత్తలు గలగలమన్నాయి. గేటు తోయకముందే మల్సుక్ కేక వినబడింది.

"ఏటే కోడలా, ఊపిరుందా?"

"ఉందత్తయ్యా" అంది మిర్యంగ్ లోపలినుంచే. "మీకుందా?"

"ఆఁ, ఉందిలే. పెద్ద గిన్నె పట్రా. బరువు మొయ్యనేకపోతన్నాను."

మిర్యంగ్ గిన్నె పట్టుకుని, కాళ్ళ గంటలు మోగించుకుంటూ వాకిట్లోకి నడిచింది.